వైఫైలో కనపడని రొయ్యల గుంట

మా బామ్మర్ది రొయ్యల గుంటలు ఉలవపాడు అవతల ఉన్నాయి. రాత్రిపూట కరెంటు పోయి ఏరియేటర్లు ఆగితే తెల్లారేసరికి ఆక్సిజన్ పడిపోతుంది, పంట పోయినట్టే. అందుకే షెడ్డులో కెమెరా పెట్టాం. అక్కడి ఫైబర్ కనెక్షన్‌కి సొంత ఐపీవీ4 అడ్రస్ (ఇంటర్నెట్‌లో పాత తరహా చిరునామా) లేదు, ఒకే అడ్రస్‌ని చాలామందికి పంచుతారు. బయటి నుంచి నేరుగా కెమెరా చూడాలంటే కొత్త తరహా చిరునామా, ఐపీవీ6, కావాలి.

అంతా అమర్చాక కావలిలో మా ఇంట్లో చూస్తే విచిత్రం. ఫోన్‌లో సిమ్ డేటా మీద గుంట కనపడుతోంది. ఇంటి వైఫై మీద లాప్‌టాప్‌లోనూ కనపడుతోంది. అదే వైఫై మీద ఫోన్‌లో మాత్రం ససేమిరా. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే "లాప్‌టాప్‌లో వస్తోంది కదా సార్, మీ ఫోన్‌లోనే తేడా" అన్నారు. బామ్మర్ది అయితే "ఏంది బావా, ఫోన్ మార్చేయ్" అని తేల్చేశాడు. సిమ్ మీద బాగానే పనిచేసే ఫోన్‌ని ఎందుకు మార్చాలి?

ఫోన్ సెట్టింగ్స్‌లో ఐపీ అడ్రస్ తీసి చూశా. ఐపీవీ6 కింద fe80తో మొదలయ్యేది ఒక్కటే ఉంది. అది ఇంటి గడప దాటని అడ్రస్. బయటికి వెళ్లే అడ్రస్ అసలు రానేలేదు.

రూటర్ పేజీలో ఐపీవీ6 లాన్ (ఇంటి లోపలి నెట్‌వర్క్) సెట్టింగ్ తెరిస్తే అక్కడ దొరికింది దొంగ. అడ్రస్ ఇచ్చే పద్ధతి దగ్గర డీహెచ్‌సీపీవీ6 అని ఉంది. అంటే రూటరే ఒక్కో పరికరానికి అడ్రస్ కేటాయిస్తుంది. విండోస్ అడిగి తీసుకుంటుంది, ఆండ్రాయిడ్ ఫోన్ అలా అడ్రస్ అడగదు. దానికి స్లాక్ (SLAAC) అనే పద్ధతి కావాలి. ఇందులో రూటర్ 64 బిట్ల ప్రిఫిక్స్‌ని, అంటే అడ్రస్ మొదటి సగాన్ని, ప్రకటిస్తుంది, మిగతా 64 బిట్లు పరికరమే కల్పించుకుని, ఆ అడ్రస్ ఇంకెవరైనా వాడుతున్నారా అని చూసుకుని పెట్టుకుంటుంది. ఇదేమీ కొత్త సంగతి కాదు, దాని ప్రమాణ పత్రం ఆర్‌ఎఫ్‌సీ 4862 వచ్చిందే 2007లో. అయినా నా రూటర్ తయారు చేసినవాళ్లు స్లాక్‌ని కింది వరసలో దాచి, ముందు డీహెచ్‌సీపీవీ6 పెట్టారు!

మెనూలో స్లాక్ పక్కనే ఆర్‌డీఎన్‌ఎస్‌ఎస్ అని రాసుంటే అది ఎంచుకోండి, డీఎన్‌ఎస్ (సైట్ పేరుని అడ్రస్‌గా మార్చే సర్వర్) వివరం కూడా రూటర్ చేసే ఆ ప్రకటనలోనే ఫోన్‌కి చేరుతుంది. నేనూ అది ఎంచుకుని సేవ్ కొట్టి, వైఫై ఆపి మళ్లీ పెట్టగానే ఫోన్‌లో 2తో మొదలయ్యే పొడవాటి అడ్రస్ వచ్చింది, గుంట తెరుచుకుంది.

షెడ్డు వైపు ఇంకో తలనొప్పి మిగిలింది. ఇంటర్నెట్ కంపెనీ ప్రిఫిక్స్ మార్చినప్పుడల్లా కెమెరా అడ్రస్ కూడా మారిపోతుంది. దానికి డైనమిక్ డీఎన్‌ఎస్ పేరు (అడ్రస్ మారినా మారని పేరు) ఒకటి తగిలించి, ఆ పేరే ఇద్దరి ఫోన్లలో పెట్టుకున్నాం.