నాన్న మందుల బిల్లు ఇన్సూరెన్స్‌లో ఎందుకు రాదు

మొన్న తెనాలి వెళ్లినప్పుడు నాన్న మందుల డబ్బా సర్దుతుంటే ఒక స్ట్రిప్ చేతికి తగిలింది. పదిహేను టాబ్లెట్లలో సగం అలాగే ఉన్నాయి, లెక్క ప్రకారం ఆ వారంతో అయిపోవాలి. వెనక బాల్‌పెన్‌తో సన్నగా తారీకులు రాసుకున్నారు: 3, 5, 7, 9... అలా 15 వరకు. "ఏంటి నాన్నా ఇది" అంటే "రోజు విడిచి రోజు వేసుకుంటున్నాలేరా, బానే ఉంది" అన్నారు. ప్రోస్టేట్ మందులవి. బాగా ఏం లేదు, రాత్రికి నాలుగైదుసార్లు లేస్తున్నారని అమ్మ చెబితేనే నాకు తెలిసింది. ఈ వయసు మగవాళ్లు ఈ బాధ కొడుక్కి కూడా చెప్పుకోరు.

అసలు సంగతి ఏంటంటే, అంతకుముందు మూడు నెలల మందుల బిల్లులు మేం క్లెయిమ్ పెడితే ఓపీ మందులు, అంటే ఆసుపత్రిలో చేరకుండా ఇంట్లో వాడే మందులు రావని తిప్పి పంపారు, అప్పటినుంచి నా మీద భారం పడకూడదని ఆయన సగానికి సగం తగ్గించేశారు.

మన దగ్గర మామూలు హెల్త్ పాలసీ అంటే ఆసుపత్రిలో చేరితేనే. ఆరోగ్య సంజీవని లాంటి పాలసీలో చేరడానికి ముందు 30 రోజులు, డిశ్చార్జి అయ్యాక 60 రోజుల మందులు ఇస్తారు, అవీ ఆ జబ్బుకి సంబంధించినవైతేనే. ప్రోస్టేట్ వాపుకి ఆపరేషన్ చేయించుకున్నా పాలసీ తీసుకున్న మొదటి 24 నెలలు రాదు. 70 దాటినవాళ్లకి ఆదాయంతో పనిలేకుండా 2024 అక్టోబర్ నుంచి ఆయుష్మాన్ భారత్ ఉంది, ఏడాదికి 5 లక్షలు, చాలా మంచి పని, కానీ అందులోనూ డిశ్చార్జి తర్వాత మందులు 15 రోజులకే. ప్రతి నెలా కొనే బీపీ, షుగర్, ప్రోస్టేట్ గోళీల ఖర్చు మాత్రం మనదే. అవి మానేసి, మూత్రం ఆగిపోయి, అర్ధరాత్రి ఆసుపత్రిలో చేర్చాల్సి వస్తే అప్పుడు డబ్బిస్తారు. నాకు కడుపు మండేది ఇక్కడే.

డాక్టర్ గారి దగ్గరికి తీసుకెళ్తే, నాన్న వాడే రెండు ప్రోస్టేట్ మందుల్లో డ్యుటాస్టెరైడ్ పనిచేయడానికే నెలలు పడుతుందని, టామ్సులోసిన్ కొన్నాళ్లు ఆపి మళ్లీ మొదలుపెడితే లేచి నిలబడగానే కళ్లు తిరిగి పడిపోవచ్చని నాన్నకే నేరుగా చెప్పారు. చీటీ మీద కంపెనీ పేర్లు కాకుండా మందు పేర్లే రాయించుకున్నాను. జన ఔషధి కేంద్రంలో అవే మందులు మేం ఇంతకుముందు పెట్టినదాంట్లో సగం కూడా కాలేదు. (60 దాటిన అమ్మానాన్నలకి అసలు పాలసీయే లేకపోతే, వాళ్ల మందుల ఖర్చు మీరు పెడుతుంటే, ఆదాయపన్ను పాత విధానంలో 50 వేల వరకు మినహాయింపుగా చూపించుకోవచ్చు. బిల్లులు పారేయకండి, డబ్బు నగదుగా ఇవ్వకండి.)

రెన్యువల్ ఫిబ్రవరిలో ఉంది. ఓపీ కవర్ విడిగా కొనుక్కోవచ్చంటున్నారు. అందులో మందులకి ఎంతవరకు ఇస్తారు, ముందునుంచీ ఉన్న జబ్బుల మందులు వస్తాయా రావా, ఈ రెండూ ఏజెంట్ చేత కాగితం మీద రాయించుకున్నాకే డబ్బు కడతాను.