రెండు పేజీల లెక్క: చవక కత్తులతో పది నెలలు

కిందటి దసరా ఆయుధ పూజకు ఇంట్లోని కత్తులన్నిటినీ కడిగి, పసుపు కుంకుమ పెట్టి పీట మీద వరుసగా పేర్చినప్పుడు అవి ఏడు తేలాయి. ఈ జులై నాటికి పంతొమ్మిది అయ్యాయి. వాటిలో కొన్నవి పదకొండు, బహుమతిగా వచ్చింది ఒకటి. కొన్నవాటికి అయిన మొత్తం 6,870 రూపాయలు; సానరాళ్లకు, నూనెలకు, జిగురుకు, గరుకు కాగితానికి కలిపి మరో 1,900 రూపాయలు. ఏ కత్తికీ 1,500 రూపాయలకు మించి పెట్టకూడదన్నది మొదటి రోజే పెట్టుకున్న నియమం. సాయంత్రాలు వీధి అరుగు మీద రాయి ముందు కూర్చుంటే "ఎవరి మీద నూరుతున్నారండీ కత్తులు?" అని అడగకుండా దాటిపోయే పొరుగువారు తక్కువ గనుక, ఈ సరదా మా రాజమండ్రి వీధిలో ఎవరికీ రహస్యం కాదు.

ప్రతి కత్తికీ నోటు పుస్తకంలో ఎదురెదురుగా రెండు పేజీలు కేటాయించాను. ఎడమ పేజీలో పనితనం రాస్తాను: అలుగు (కత్తిలో కోసే ఉక్కు భాగం) పొడవు, వెడల్పు, వీపు (మొద్దు వైపు) దగ్గర మందం, బరువు, పండిన టమాటా తొక్కను నొక్కకుండానే కోసిందా లేదా, ఎన్ని రోజుల కూరగాయల పనికి పదును తగ్గింది, ఇరవై నిమిషాలు వదలకుండా పట్టుకుంటే అరచేతిలో ఎక్కడ నొప్పి పుట్టింది. కుడి పేజీలో దాని కథ ఉంటుంది: ఎవరిది, ఎలా చేరింది, దానితో ఎవరు ఏం కోసేవారు. మొదట్లో ఈ రెండు పేజీలనూ కలిపి పదికి ఒకే మార్కు వేసేవాణ్ని. ఆ పద్ధతిని ఎందుకు మానుకోవలసి వచ్చిందో ముందుగా చెప్పాలి.

నవంబరు

రైలు ప్రయాణాల్లో మామిడిపండ్లు కోయడానికి నాన్నగారు సంచిలో వేసుకొనే మడత చాకు ఒకటి ఉంది. ఏడున్నర సెంటీమీటర్ల మామూలు ఉక్కు (స్టెయిన్‌లెస్ కానిది) అలుగు, ఇత్తడి రేకుల పిడి, వదులైపోయి అలుగును అటూ ఇటూ ఊగనిచ్చే రివెట్టు. దానికి నేను వేసిన మార్కు ఎనిమిది. అదే వారం బస్టాండు దగ్గర 40 రూపాయలకు కొన్న ప్లాస్టిక్ పిడి కత్తికి వేసిన మార్కు నాలుగు. టమాటాను పద్ధతిగా కోసినది ఆ 40 రూపాయల కత్తే. నాన్నగారి చాకు దాన్ని చిదిమింది. పుస్తకంలో ఆ రెండు అంకెలూ ఎదురుగా కనిపిస్తున్నా నాకు అప్పుడు వాటి తేడాలో వింతేమీ తోచలేదు. పైగా ఎనిమిది మార్కుల వస్తువును పదికి చేర్చాలన్న ఉత్సాహం పుట్టింది.

రివెట్టు బిగించడం వరకు బాగానే సాగింది. అలుగుకూ రేకుకూ మధ్య పలుచని కాగితం ముక్క పెట్టి, రివెట్టు తలను చిన్న సుత్తితో నాలుగు వైపులా మెల్లగా తట్టి, తరువాత కాగితాన్ని లాగేస్తే అలుగు మరీ బిగిసిపోకుండా కావలసినంత సందు మిగులుతుంది. తప్పు ఆ తరువాత జరిగింది. సైకిల్ మీద సానచక్రంతో వీధిలోకి వచ్చిన మనిషికి దాన్ని ఇచ్చి, అంచు మీది గంట్లన్నీ పోవాలని నేనే పట్టుబట్టాను. నీళ్లు తగలని చక్రం మీద నిప్పురవ్వలు రాలుతూ ఐదు నిమిషాలు తిరిగేసరికి అలుగు వెడల్పులో మూడు మిల్లీమీటర్లు పోయింది, కొన దగ్గర నీలిరంగు చార వచ్చింది. మామూలు ఉక్కు సుమారు 300 డిగ్రీల సెల్సియస్ వేడికి చేరినప్పుడు ఆ రంగు తేలుతుంది; అక్కడ గట్టితనం తగ్గిపోయి పదును నిలవదు. అంతటితో ఆగకుండా ఇత్తడి పిడిని చింతపండూ ఉప్పూ పెట్టి పూజ సామాను తోమినట్టు తోమాను. ముప్పై ఏళ్లపాటు నాన్నగారి బొటనవేలు ఆనిన చోట గోధుమరంగులో ఒక మచ్చ ఉండేది. అది మిగిలిన పిడితో సమానంగా తళతళలాడింది.

అమ్మ చూసి, "నాన్నగారి చాకు ఏదిరా?" అని అడిగింది. అది ఆమె చేతిలోనే ఉంది. ఇదేనమ్మా అన్నాను. రెండు వైపులా తిప్పి చూసి బల్ల మీద పెట్టి లోపలికి వెళ్లిపోయింది.

ఆ రాత్రే పుస్తకంలో కలిపి వేసిన మార్కులన్నీ కొట్టివేశాను. చాకు ఎడమ పేజీలో మూడు అని రాశాను, ఎందుకంటే అది మొదటి నుంచీ మూడు మార్కుల చాకే. కుడి పేజీలో అంకె వేయలేదు; అప్పటి నుంచి ఏ కత్తికీ వేయడం లేదు. మెరుగుపెట్టడం వల్ల ఎడమ పేజీకి లాభం రావచ్చు, కాని ఆ లాభానికి ఖర్చయ్యేది చాలాసార్లు కుడి పేజీలోని సరుకే అని అప్పటికి తెలిసివచ్చింది. అందుచేత పాత కత్తి చేతికి వస్తే మొదటి నెల దాన్ని తుడిచి నూనె రాయడం తప్ప మరేమీ చేయకూడదని, చేయబోయే ముందు నాలుగు వైపులా ఫోటో తీయాలని నియమం పెట్టుకున్నాను.

డిసెంబరు

ఈ నెలంతా సాన నేర్చుకోవడానికే సరిపోయింది. ఒక వైపు 400, మరొక వైపు 1000 గరుకుదనం (అంకె పెరిగేకొద్దీ రాయి నునుపు) ఉన్న చవక రాయి కొని పది నిమిషాలు నీళ్లలో నానబెట్టి వాడుతున్నాను. కొత్తవారికి అన్నిటికన్నా కష్టమైనది కోణం నిలకడగా ఉంచడం. నేను వాడే కొలత సులువైనది: అలుగు వెడల్పులో నాలుగో వంతు ఎత్తుకు వీపును లేపితే సుమారు 15 డిగ్రీల కోణం వస్తుంది, మూడో వంతుకు లేపితే సుమారు 20 డిగ్రీలు వస్తుంది. నాలుగు సెంటీమీటర్ల వెడల్పున్న వంటింటి కత్తికి వీపు కింద ఒక సెంటీమీటరు ఎత్తు ఉంటే చాలు. అంచుకు నల్ల మార్కరు రంగు పూసి ఒక్కసారి రాయి మీద లాగితే రంగు ఎక్కడ చెరిగిందో, అంటే రాయి ఎక్కడ తగులుతోందో, వెంటనే తెలుస్తుంది. ఒక వైపు నూరుతుంటే రెండో వైపు వేలికి తగిలేలా సన్నని తీగలాంటి పొర లేస్తుంది. అది అలుగు పొడవునా లేచేవరకు వైపు మార్చకూడదు. చివరలో పాత తోలు బెల్టు మీద ఆకుపచ్చ పాలిష్ ముద్ద రుద్ది, అంచును వెనక్కి లాగుతూ ఇరవైసార్లు తిప్పితే ఆ పొర పోతుంది. బస్టాండు కత్తి ఈ పద్ధతిలో టమాటాను అద్దంలా కోసింది, నాలుగు రోజుల్లో మళ్లీ మొద్దుబారింది. మెత్తని ఉక్కుకు పదును త్వరగా ఎక్కుతుంది, అంతే త్వరగా పోతుంది.

జనవరి

సంక్రాంతి సెలవుల్లో అరకు వెళ్లినప్పుడు సంతలో కొడవళ్లు, గొడ్డళ్ల మధ్య నుంచి 180 రూపాయలకు ఒక కత్తి తెచ్చుకున్నాను. లారీ కమాను పట్టా ముక్కను కొలిమిలో కాల్చి సాగదీసి చేసినది. కమాను పట్టాలలో సాధారణంగా 0.5 నుంచి 0.6 శాతం వరకు కర్బనం ఉంటుంది గనుక, సరిగా నీరు పెడితే (ఎర్రగా కాల్చి ఒక్కసారిగా చల్లార్చి గట్టిపరిస్తే) మంచి అంచు తయారవుతుంది. నీరు పట్టిందో లేదో తెలుసుకోవడానికి సన్నని ఆకురాయిని అంచు మీద మెల్లగా లాగి చూశాను. అంచు దగ్గర జారింది, వీపు దగ్గర కొరికింది. చేసినవాడు అంచుకు మాత్రమే నీరు పెట్టి వీపును మెత్తగా వదిలాడన్నమాట. దెబ్బ పడినా విరగకుండా ఉండటానికి అదే సరైన పని. ఈ కత్తి ఫోటో చూసిన బంధువు ఒకరు ఇది కోన సముద్రం ఉక్కు కావచ్చునేమో అన్నారు. నిజామాబాద్ జిల్లాలోని ఆ ఊళ్లో ఒకప్పుడు మట్టి మూసల్లో కరిగించి చేసిన ఉక్కు ప్రపంచ ప్రసిద్ధమైనదే, కాని నా కత్తి వీపు మీద కమాను పట్టా రంధ్రం సగం ఇంకా కనిపిస్తూనే ఉంది.

పిడి వదులుగా ఉండటం ఒక్కటే దీని లోపం. పిడి లోపలికి దిగే అలుగు తోకను బయటికి లాగి, తుప్పు గీకి, రంధ్రంలో ఎపాక్సీ జిగురు నింపి ఒక రోజు కదపకుండా నిలబెట్టాను. నోటి దగ్గర పగులు పెరగకుండా రాగి గొట్టం ముక్కతో పొన్ను తొడిగాను. ఎడమ పేజీలో ఏడు మార్కులు. కుడి పేజీలో ఒక్క వాక్యమే ఉంది, దాన్ని పెంచి రాయాలన్న కోరికను ఆపుకున్నాను.

మార్చి

ఫ్రాన్సు నుంచి వచ్చిన బావమరిది ఒపినెల్ ఎనిమిదో నంబరు మడత కత్తి తెచ్చాడు. చేతికివ్వకుండా బల్ల మీద పెట్టి తీసుకోమన్నాడు. కత్తి చేతికి చెయ్యి మారకూడదన్న వాళ్ల అమ్మగారి మాట పరదేశంలో కూడా మరిచిపోలేదు. 1890లో సవోయి ప్రాంతంలో జోసెఫ్ ఒపినెల్ మొదలుపెట్టిన ఈ కత్తి ఆకారం ఇప్పటికీ పెద్దగా మారలేదు. అలుగు తెరిచాక మెడ దగ్గర తిప్పి బిగించే ఉంగరం మాత్రం 1955లో చేరింది. ఎనిమిదిన్నర సెంటీమీటర్ల పలుచని అలుగు పండ్లకు చాలా హాయిగా ఉంటుంది. పిడి బీచ్ అనే చెట్టు చెక్కది. ఆ చెక్క గాలిలోని తేమను పీల్చి ఉబ్బుతుంది గనుక, మా గోదావరి గట్టు వానల్లో అలుగు పిడిలో ఇరుక్కుపోయి గోటికి రాదు. ఉంగరం తిప్పి పిడి వెనుక కొనను బల్ల అంచుకు గట్టిగా తడితే అలుగు కొంత బయటికి వస్తుంది. సవోయి రైతులు చేసే పని కూడా ఇదేనట. పిడిని ఎండబెట్టి, లోపలి గాడిలో దూది పుల్లతో అవిసె నూనె పట్టించి రెండు రోజులు ఆరనిచ్చాక ఇబ్బంది చాలావరకు తగ్గింది.

అదే నెలలో స్వీడన్‌లో తయారైన మోరా కంపానియన్ అనే కత్తి కొన్నాను. నా దగ్గరున్న వాటన్నిటిలో ఎడమ పేజీ మార్కు దీనిదే ఎక్కువ, తొమ్మిది. అంచు వాలు వెడల్పుగా, చదునుగా ఉంటుంది గనుక రాయి మీద పెడితే కోణం దానంతట అదే కుదురుతుంది. వెదురు చీల్చినా, పిడికి చెక్క చెక్కినా దీనికి సాటి లేదు. క్యారెట్టును మాత్రం కోయకుండా పగులగొడుతుంది, ఎందుకంటే చెక్కపనికి చేసిన వాలు అది, తప్పు వంటింట్లోకి తెచ్చిన నాది. దీని కుడి పేజీ ఖాళీగా ఉంది. నాలుగు నెలలు వాడినా అక్కడ రాయదగినది ఒక్క మాట తోచలేదు, అందుకు ఆ కత్తిని తప్పుపట్టలేను.

ఒక మిత్రుడు రాంపూర్ చాకు అనే పొడవైన మడత కత్తిని తక్కువకు ఇప్పిస్తానంటే వద్దన్నాను. తొమ్మిది అంగుళాలకన్నా పొడవు లేదా రెండు అంగుళాలకన్నా వెడల్పు అలుగు ఉండి, ఇంటికో, సేద్యానికో, శాస్త్ర, పరిశ్రమల పనికో ఉద్దేశించనివి 2016 ఆయుధ నియమాల జాబితాలోకి వస్తాయి. సేకరణ పేరుతో అటువైపు వెళ్లదలచుకోలేదు.

మే

ఆవకాయల నెలలో ఒక పరీక్ష పెట్టాను. ఆరు కత్తుల పిడులకు ఒకే రకం గుడ్డ చుట్టి, ఏది ఎవరిదో తెలియకుండా మా ఆవిడనూ పిన్నినీ ఒక్కొక్కదానితో అరకిలో బెండకాయలు, రెండు పచ్చి మామిడికాయలు కోయమన్నాను. ఇద్దరూ మొదటి స్థానం సంత కత్తికే ఇచ్చారు. నాన్నగారి చాకుకు ఇద్దరి దగ్గరా ఆఖరి స్థానం వచ్చింది. "ఇదెక్కడి రేకు ముక్క నాయనా" అన్నది పిన్ని. ఆ మాటను ఎడమ పేజీలో ఉన్నదున్నట్టు రాసుకున్నాను. పచ్చి మామిడి పులుపుకు మామూలు ఉక్కు నల్లబడి, ముక్కలకు కొద్దిగా ఇనుము రుచి అంటింది. కోసిన వెంటనే కడిగి తుడిచి కొబ్బరి నూనె పలుచగా రాస్తే కొన్ని వారాల్లో అలుగు మీద బూడిదరంగు పొర నిలిచి, ఆపైన ఆ రుచి అంటడం తగ్గుతుంది. ఎర్ర తుప్పును మాత్రం కనిపించిన రోజే తీసేయాలి.

నానమ్మ కత్తిపీటను పరీక్షలో పెట్టలేదు. మధ్యలో నెలవంకలా అరిగిపోయిన దాని అలుగు పనసపొట్టుకు ఇప్పుడు పనికిరాదు, కంద కోస్తే జారుతుంది. కమ్మరి దగ్గరకు తీసుకెళ్తే అలుగు మార్చి 300 రూపాయలకు కొత్తదానిలా చేసిస్తానన్నాడు. ఆ ఒంపు నానమ్మ కూర్చున్న తీరుకు, ఆమె చేతి దిశకు అరిగి ఏర్పడింది. ఎడమచేతివాటం మనిషి గనుక అలుగు కుడి పక్కకన్నా ఎడమ పక్క ఎక్కువ పలుచబడింది. దాన్ని సరిచేస్తే పీట చెక్క ఒక్కటే ఆమెది అవుతుంది. అలుగును తోలు మీద రెండుసార్లు తిప్పి, పీటకు నూనె రాసి, కొబ్బరి కోరుకు మాత్రం వాడుతున్నాం. ఆ పనికి అలుగు పదునుతో సంబంధం లేదు.

జులై

పంతొమ్మిదింటిలో నాలుగింటిని వదిలించుకోవాలని నిర్ణయించాను. నాలుగూ నేను కొన్నవే; ఎడమ పేజీలో ఐదు దాటనివి, కుడి పేజీలో "చవకగా దొరికింది" అని మాత్రమే ఉన్నవి. చవక అన్నది కథ కాదని ఒప్పుకోవడానికి పది నెలలు పట్టింది. రెండింటిని పనివాళ్లకు ఇచ్చాను, రెండు పాత ఇనుముకు వెళ్తాయి. సంత కత్తి వంటింట్లో స్థిరపడింది, మోరా పనిముట్ల పెట్టెలో ఉంది.

నాన్నగారి చాకుకు చేతి సానతో నీలిరంగు చార పోయేవరకు మెల్లగా నూరి అంతటితో ఆపేశాను. ఆదివారాలు దానితోనే మామిడిపండు కోస్తున్నాను. అలుగును తుడుస్తాను గాని ఇత్తడిని తుడవడం లేదు. పండు రసం, చేతి చెమట అంటి పిడి మీద ఒకచోట గోధుమరంగు తిరిగి మొదలైంది. నిన్న పాత ఫోటో పక్కన పెట్టి చూశాను. నాన్నగారి మచ్చ రివెట్టుకు ఆనుకొని ఉండేది. నా బొటనవేలు దానికన్నా అర అంగుళం వెనుక ఆనుతోంది.