బెర్తియే ఫాదర్ గారి పుస్తక సమీక్షలు

మా విచారణ (చర్చి పరిధి) పత్రికకు పుస్తక సమీక్షలు రాసేది నేనే. రచయిత మనవాడైతే పొగడాలి, కాకపోతే ఊరుకోవాలి అన్నది మన దగ్గర అలవాటైపోయింది. ఈ అలవాటు మీద నాకున్న అసంతృప్తే నన్ను ఫ్రాన్స్‌లో 18వ శతాబ్దంలో జెస్యూట్ (యేసు సభ) ఫాదర్లు నడిపిన ఒక మాసపత్రిక దాకా తీసుకెళ్లింది.

1701లో మొదలైన ఆ పత్రికను అందరూ 'త్రెవూ పత్రిక' అనేవాళ్లు. లియోన్‌కి ఉత్తరాన, సోన్ నది ఒడ్డున త్రెవూ అనే చిన్న ఊరుంది. అప్పట్లో అది దోంబ్ అనే సంస్థానానికి ముఖ్య పట్టణం. మొదట్లో పత్రిక అచ్చయ్యేది అక్కడ, రాసేది మాత్రం పారిస్‌లోని లూయి-ల-గ్రాన్ కాలేజీలో. మతం, నీతి, రాజ్యం జోలికి వస్తే తప్ప ఏ పక్షమూ వహించమని మొదట్లోనే రాసుకున్నారు. ఆ 'తప్ప' చిన్నదేం కాదు. అయినా గణితం, వైద్యం, నాణేలు, చైనా ఖగోళశాస్త్రం, అన్నిటికీ అందులో చోటు దొరికింది. ప్రొటెస్టెంట్ అయిన జర్మన్ తత్త్వవేత్త లైబ్నిట్జ్ కూడా అందులో రాశాడు.

నాకు ఇష్టమైన ఘట్టం 1751లోది. అప్పటి సంపాదకుడు ఫాదర్ గియోమ్-ఫ్రాంస్వా బెర్తియే. ఎన్‌సైక్లోపీడియా తెస్తున్నామని దిదెరో అనే ఫ్రెంచ్ రచయిత ప్రకటన విడుదల చేశాడు. అందులో శాస్త్రాలన్నిటినీ చెట్టు కొమ్మల్లా విభజించి చూపిన జ్ఞానవృక్షం పటాన్ని బెర్తియే తీసుకుని, ఇంగ్లీషు తత్త్వవేత్త ఫ్రాన్సిస్ బేకన్ పుస్తకం పక్కన పెట్టుకుని కొమ్మ కొమ్మా పోల్చి చూశాడు. బేకన్‌కి రుణపడ్డామని దిదెరో ముందే ఒప్పుకున్నాడు. ఆ రుణం చెప్పినదానికంటే పెద్దదని బెర్తియే వాదన. దిదెరోకి ఒళ్లు మండింది. ఫాదర్ గారికి బహిరంగ లేఖ రాసి అచ్చు వేయించాడు. చివరికి ఎన్‌సైక్లోపీడియా మొదటి సంపుటంలో బేకన్ విభజనను విడిగా ముద్రించి, తేడాలేమిటో పాఠకులే చూసుకునేలా పెట్టాల్సి వచ్చింది.

సంపుటం వచ్చాక బెర్తియే నెలల తరబడి దాని మీదే రాశాడు. స్కాన్ చేసిన ఆ పుటలు ఇప్పుడు ఫ్రాన్స్ జాతీయ గ్రంథాలయం సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. చేతి వెడల్పు పుస్తకం, 'ఎస్' అక్షరం 'ఎఫ్' లాగా కనిపించే పాత అచ్చు. ఓపికగా చదివితే ఆయన పద్ధతి తెలుస్తుంది. ఈ వ్యాసం ఫలానా నిఘంటువులోంచి, ఆ వ్యాసం జెస్యూట్ రచయిత ఫాదర్ బ్యుఫియే పుస్తకంలోంచి, పేరు చెప్పకుండా ఎత్తారని ఒక్కొక్కటీ చూపిస్తూ పోతాడు. బాగున్న వ్యాసాన్ని బాగుందనే అంటాడు. సమీక్ష అంటే నా లెక్కలో ఇదీ.

అన్ని చోట్లా ఆయనతో ఏకీభవించను. ఇతరులను శాసించే హక్కు ప్రకృతి ఎవరికీ ఇవ్వలేదన్న దిదెరో వ్యాసాన్ని ఆయన తప్పుపట్టాడు. అక్కడ నేను దిదెరో వైపే. 1752 ఫిబ్రవరిలో రాజుగారి మండలి మొదటి రెండు సంపుటాలను నిషేధించింది. నిషేధం ఏ వాదనకూ జవాబు కాదు. నా దృష్టిలో బెర్తియే చేసిన మంచి పనికి కూడా దానివల్ల మచ్చ పడింది.

పదేళ్లు తిరిగేసరికి దెబ్బ జెస్యూట్ల మీద పడింది. 1762లో పారిస్ పార్లమాఁ (అప్పటి ఉన్నత న్యాయస్థానం) తీర్పుతో కాలేజీ పోయింది, పత్రికా చేజారింది. ఇంకెవరెవరో కొన్నేళ్లు లాగించారు గానీ పాత పదును లేదు.

ఇక్కడే మన వైపు కథ ఒకటి గుర్తొస్తుంది. ఫాదర్ కేర్దూ 1732లో దక్షిణాదికి వచ్చి తెలుగు, సంస్కృతం నేర్చుకున్న జెస్యూట్. సంస్కృతానికి లాటిన్, గ్రీకులతో ఉన్న పోలికలను 'దానం', 'విధవా' లాంటి మాటలతో చూపిస్తూ 1767లో పారిస్‌లోని శాసనాలు, సాహిత్యాల అకాడమీ అనే పండిత సంస్థకు రాసి పంపాడు. అప్పటికి జెస్యూట్ల సభకు పారిస్‌లో పత్రిక లేదు. అకాడమీ కూడా దాన్ని వెంటనే అచ్చు వేయలేదు. 1786లో కలకత్తాలో ఇంగ్లీషు న్యాయమూర్తి విలియం జోన్స్ అదే సంగతి ప్రసంగంలో చెప్పి ప్రపంచ ప్రసిద్ధుడయ్యాడు. కేర్దూ రాసింది 1808లో గానీ అచ్చులోకి రాలేదు, అప్పటికి ఆయన పోయి దాదాపు ముప్పై ఏళ్లు. బెర్తియే లాంటి సంపాదకుడి చేతిలో పడి ఉంటే ఆ నెలలోనే అచ్చయి, మరుసటి నెలకల్లా ఎవరో ఒకరు దాని మీద కత్తి దూసేవాళ్లని నా గట్టి నమ్మకం.