పార్టీ గుర్తు లేని ఎన్నికలో పార్టీల గోల: పంచాయతీ ఓటరుగా నా అనుభవం

తెలంగాణలో సర్పంచ్ ఎన్నికకు పార్టీ గుర్తు ఉండదు, ఫలానా మనిషే మా అభ్యర్థి అని పార్టీ రాసిచ్చే బీ-ఫారం ఉండదు. ఊళ్లో గందరగోళం మొత్తం అక్కడే పుడుతుంది. ఎంపీటీసీ, జడ్పీటీసీ ఎన్నికల్లో బీ-ఫారం ఎవరి చేతిలో ఉంటే పార్టీ గుర్తు వాళ్లకే. మిగతావాళ్లు స్వతంత్రులుగా నిలబడాల్సిందే, తగువు అంతటితో తేలుతుంది. సర్పంచ్‌కు అలా తేల్చే కాగితమే లేదు. ఒకే పార్టీవాళ్లు ముగ్గురు నామినేషన్ వేసి, "మద్దతు నాకంటే నాకే" అని ఇల్లిల్లూ తిరిగితే పార్టీ బతిమాలగలదు, బెదిరించగలదు, ఆపలేదు. 2025 డిసెంబరు 11, 14, 17 తేదీల్లో మూడు విడతల పోలింగ్ జరిగినప్పుడూ ఇదే తంతు. అందుకే నేను "పార్టీ బలపరిచిన అభ్యర్థి" అన్న మాటను లెక్కలోకి తీసుకోను. మనిషిని చూస్తాను, కాగితాలు చూస్తాను.

కాగితాల్లో మొదటిది ఓటరు జాబితా. పంచాయతీకి విడిగా ఓటరు నమోదు ఉండదు. అసెంబ్లీ జాబితానే వార్డులవారీగా విడగొడతారు. కాబట్టి పేరే లేకపోతే పంచాయతీ కార్యదర్శి చేసేదేమీ లేదు, బీఎల్వో (పోలింగ్ బూత్ ఓటరు జాబితా చూసే అధికారి) దగ్గర కొత్త ఓటు నమోదుకు ఫారం 6 ఇవ్వాలి. పేరులో తప్పులకు, చిరునామా మార్పుకు ఫారం 8. పంచాయతీలో ముసాయిదా అతికించినప్పుడు చూసుకోవాల్సింది వేరే: మనం ఏ వార్డులో పడ్డామన్నది. భర్త మూడో వార్డులో, భార్య ఐదో వార్డులో తేలడం కొత్తేం కాదు. ఇంటి నంబర్లు కలగాపులగంగా ఉన్న చోట ఇది ఎక్కువ. వార్డు మెంబరు ఎన్నికలో పది ఓట్లే గెలుపోటములు తేలుస్తాయి, అందుకని ఈ తప్పులు కొన్నిసార్లు ఎవరికో పనికొచ్చే తప్పులు కూడా అవుతాయి. అభ్యంతరం నోటిమాటగా చెబితే గాల్లో కలిసిపోతుంది. గడువు లోపల తెల్లకాగితం మీద రాసి, ఇంటి నంబరు, జాబితాలో వరుస సంఖ్య వేసి, అందినట్టు సంతకం తీసుకోవాలి.

ఇక నామినేషన్లు. ఎవరైనా వచ్చి "ప్రతిపాదకుడిగా సంతకం పెట్టు అన్నా" అంటే మొహమాటానికి పెట్టొద్దు. ఆ సంతకంతో ఊరి లెక్కలో మీరు ఒక వర్గం కిందికి వెళ్లిపోతారు. పెట్టదలిస్తే మాత్రం జాబితాలోని మీ వరుస సంఖ్య చూసి రాయించండి. పరిశీలన రోజు ఎదుటివాళ్లు ముందు పట్టుకునేది ఆ అంకెనే. సర్పంచ్‌కు డిపాజిట్ జనరల్ అభ్యర్థికి 2,000 రూపాయలు, ఎస్సీ, ఎస్టీ, బీసీలకు 1,000. వార్డు మెంబరుకు 500, 250. అభ్యర్థులు ఇచ్చిన ఆస్తులు, అప్పులు, కేసుల వివరాలు నోటీసు బోర్డు మీద పెడతారు. అందరూ పేర్ల జాబితా చూసి వెళ్లిపోతారు. నా మట్టుకు నేను అక్కడ నిలబడి చదవదగ్గది ఆ కాగితాలేనంటాను.

ఉపసంహరణ రోజు మధ్యాహ్నం మూడింటి వరకు గడువు. అసలు రాజకీయమంతా ఆ గంటల్లోనే నడుస్తుంది. బుజ్జగింపులు, కులపెద్దల పంచాయితీ, "ఈసారికి తప్పుకో, ఎంపీటీసీ నీకే" అనే హామీలు. రెబల్‌ను ఊళ్లో లేకుండా కారెక్కించి తిప్పేదీ అప్పుడే. ఏకగ్రీవం బేరాలు కూడా ఇక్కడే కుదురుతాయి. గుడికి ఇన్ని లక్షలిస్తాను, నన్ను ఏకగ్రీవం చేయండని వేలం పాట పాడటం ఊరికి మంచిలాగే కనిపిస్తుంది. అది మన ఓటును మనల్ని అడక్కుండా అమ్మేయడం. చట్టం దాన్ని ఒప్పుకోదు, నేనూ ఒప్పుకోను. నలుగురు కూర్చుని తీర్మానం చేసినంత మాత్రాన ఎన్నిక ఆగదు. బరిలో ఇద్దరు మిగిలితే పోలింగ్ జరగాల్సిందే. సర్పంచ్ ఏకగ్రీవమైనా వార్డుల్లో పోటీ ఉంటే అక్కడ ఓటు ఉంటుంది, ఈ సంగతి తెలియక ఇంట్లో ఉండిపోయేవాళ్లున్నారు.

మిగిలిన అభ్యర్థుల పేర్లను తెలుగు అక్షరక్రమంలో పెట్టి, ఎన్నికల సంఘం జాబితాలోని గుర్తులను వరుసగా కేటాయిస్తారు. ఉంగరం, కత్తెర లాంటివి సర్పంచ్‌కు, గౌను, గ్యాస్ పొయ్యి లాంటివి వార్డుకు. బ్యాలెట్ మీద అభ్యర్థి పేరు ఉండదు, గుర్తు ఒక్కటే ఉంటుంది, చివర నోటా. పోలింగ్ ముందు రాత్రి "ఉంగరం ఫలానా ఆయనది కాదట" అని పుకారు లేపడం చాలా తేలిక. పంచాయతీ దగ్గర అతికించిన తుది జాబితాను ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకుంటే ఇంట్లో పెద్దవాళ్లకు చూపించవచ్చు.

పోలింగ్ ఉదయం ఏడు నుంచి మధ్యాహ్నం ఒంటిగంట దాకా. పార్టీలవాళ్లు ఇచ్చే చిట్టీ గుర్తింపు కాదు, ఓటరు కార్డో ఆధారో ఉపాధి హామీ జాబ్ కార్డో వెంట ఉండాలి. మీరు వెళ్లేసరికి మీ ఓటు ఎవరో వేసి ఉంటే గొడవపడి తిరిగి రావద్దు. టెండర్ ఓటు అడగండి. అది పెట్టెలో పడదు, కవరులో విడిగా ఉంచుతారు, కానీ మీ పేరు మీద దొంగ ఓటు పడిందనడానికి రుజువు అదే. గులాబీ కాగితం సర్పంచ్‌కు, తెల్లది వార్డుకు. రెండింటి మీదా స్వస్తిక్ ముద్ర ఒక్కసారే, గుర్తున్న గడి మధ్యలో. ముద్ర వేశాక కాగితాన్ని ముందు నిలువుగా, తర్వాత అడ్డంగా మడవాలి. అడ్డంగా ముందు మడిస్తే తడి సిరా కింది గుర్తు మీద అంటుకుంటుంది, లెక్కింపులో ఏజెంట్లకు వాదన దొరుకుతుంది. వేలిముద్ర వేస్తే, పేరు రాస్తే, రెండు గుర్తుల మీద ముద్ర పడితే ఆ ఓటు చెల్లదు.

లెక్కింపు అదే రోజు రెండు గంటలకు మొదలవుతుంది. లోపలికి అభ్యర్థి, ఏజెంట్లే. బయట అరుపుల మధ్య నిలబడి ఏమీ తెలియదు. నమ్మకమున్న అభ్యర్థిని అడిగి ఏజెంటుగా కూర్చోండి, ఓటరుగా ఇంతకంటే పనికొచ్చే చోటు లేదు. కాగితాలను రంగు చూసి వేరుచేసి 25 చొప్పున కట్టలు కడతారు, ముందు వార్డు ఓట్లు, తర్వాత సర్పంచ్ ఓట్లు. కట్ట కట్టేటప్పుడే కళ్లు పెట్టాలి, పాతిక బదులు ఇరవై నాలుగు పడే తప్పు అక్కడే జరుగుతుంది. మళ్లీ లెక్కించమని అడగాలంటే ఫలితం ప్రకటించక ముందే, కారణం రాసి ఇవ్వాలి. ప్రకటించాక ఎంత అరిచినా అక్కడ జరిగేదేమీ లేదు. ఓట్లు సమానమైతే లాటరీ తీస్తారు.

సర్పంచ్ ఫలితం రాగానే జనం డప్పులతో వెళ్లిపోతారు. లోపల ఇంకో ఎన్నిక మిగిలే ఉంటుంది. గెలిచిన వార్డు మెంబర్లు, సర్పంచ్ కలిసి చేతులెత్తి ఉప సర్పంచ్‌ను ఎన్నుకుంటారు. 2018 పంచాయతీరాజ్ చట్టంతో పంచాయతీ చెక్కు మీద సర్పంచ్‌తో పాటు ఉప సర్పంచ్ సంతకమూ ఉండాల్సి వచ్చింది. అందుకే మెంబర్లను గెలిచిన గంటలోనే పక్క ఊరికి తరలించే క్యాంపులు. మీ వార్డు మెంబరు ఎవరి వైపు చెయ్యెత్తాడో ఆ రాత్రే కనుక్కోండి. ఓటు అడగడానికి వచ్చినప్పుడు చెప్పిన మాటకూ దానికీ పొంతన ఉందో లేదో తేలుతుంది.

మర్నాటికే గెలిచినవాళ్ల మెడల్లో కండువాలు మారతాయి. గుర్తు పార్టీది కాదు గనుక ఆపే నిబంధనా లేదు. రెండు నెలలకోసారి జరగాల్సిన గ్రామసభలో మాత్రం మన పని ఉంటుంది. రిజిస్టరు చుట్టూ తిప్పి ముందే సంతకాలు పెట్టిస్తారు. తీర్మానం రాసి, చదివి వినిపించాకే పెడతానని చెప్పండి. ఖాళీ పేజీ కింద సంతకం చేయకండి.