తూర్పు తిమోర్ మిలీషియా కేసులు: హత్య రుజువైతే సరిపోదు

1999 ఆగస్టు 30న, అప్పటికి ఇండోనేషియా పాలనలో ఉన్న తూర్పు తిమోర్‌లో 78.5 శాతం మంది ఇండోనేషియా నుంచి విడిపోతామని ఓటేశారు. ఫలితం వెలువడగానే ఇండోనేషియా సైన్యం అండతో మిలీషియాలు (సాయుధ ముఠాలు) ఊళ్లకు ఊళ్లే తగలబెట్టాయి. సుమారు రెండున్నర లక్షల మందిని సరిహద్దు అవతల ఇండోనేషియాలోని పశ్చిమ తిమోర్‌కు తరిమేశాయి.

ఈ నేరాల విచారణ కోసం ఐక్యరాజ్యసమితి 2000 జూన్‌లో తూర్పు తిమోర్ రాజధాని దిలీలోని జిల్లా కోర్టులో ప్రత్యేక ధర్మాసనాలు ఏర్పాటు చేసింది. ఒక్కో దాంట్లో ఇద్దరు విదేశీ జడ్జీలు, ఒక తిమోర్ జడ్జి.

మామూలు హత్య కేసులో ఎవరు ఎవర్ని చంపారో తేలితే చాలు. మానవత్వంపై నేరం అన్నప్పుడు ఇంకో మూడు తేలాలి: పౌరుల మీద విస్తృతంగానో పథకం ప్రకారమో దాడి జరిగింది, ఈ హత్య అందులో భాగం, ఆ దాడి సంగతి నిందితుడికి తెలుసు. ఒక్క సాక్షితో ఇది అయ్యే పని కాదు. వేర్వేరు జిల్లాల్లో ఆ రోజుల్లోనే ఒకే తీరున జరిగిన ఘటనలు, తుపాకులు ఎవరిచ్చారు, లారీలు ఎవరు పంపారు, బాధితుల్ని ఏం చూసి ఎంచుకున్నారు, ఇవన్నీ ఒకచోట చేర్చాలి. నిందితుడు ఏ సమావేశంలో కూర్చున్నాడో తెలిస్తే అతనికి ఏం తెలుసో కూడా తెలుస్తుంది. 'పైవాళ్లు చెప్పారు, చేశాను' అంటే నేరం పోదు, శిక్ష తగ్గొచ్చు.

ఈ శ్రమ తీసుకోకపోతే ఏమవుతుందో మలియానా పట్టణం కేసు చెబుతుంది. పోలీస్ స్టేషన్లో తలదాచుకున్నవారిని 1999 సెప్టెంబరు 8న ఊచకోత కోస్తే, 2001 జనవరిలో వచ్చిన తొలి తీర్పు ఒక మిలీషియా సభ్యుడికి మామూలు హత్య కింద 12 ఏళ్లు వేసింది. సామూహిక హత్యాకాండ కోర్టు రికార్డులో ఒక మనిషి చేసిన ఒక హత్యగా మిగిలింది. నా దృష్టిలో ఇది బాధితులకు జరిగిన రెండో అన్యాయం.

లోస్ పాలోస్ అనే ఊరి కేసులో మాత్రం ఆ శ్రమ తీసుకుని మానవత్వంపై నేరం అని రుజువు చేశారు. క్రైస్తవ సన్యాసినుల్ని, వారితో ఉన్న జర్నలిస్టునీ చంపిన టీమ్ ఆల్ఫా అనే మిలీషియాకు చెందిన 10 మందికి 2001 డిసెంబరు 11న శిక్ష పడింది. నాయకుడు జోనీ మార్కెస్‌కు 33 ఏళ్ల 4 నెలలు. అదే అభియోగపత్రంలో ఉన్న ఇండోనేషియా సైనికాధికారి మాత్రం సరిహద్దు అవతలే ఉండిపోయాడు.

అసలు లోటు అక్కడే. నిందితుడు ఎదురుగా లేకుండా విచారణకు ఆ ధర్మాసనాల నిబంధనలు ఒప్పుకోలేదు, ఇండోనేషియా ఎవరినీ అప్పగించలేదు. 2005 మేలో ధర్మాసనాలు మూతపడేనాటికి అభియోగాలు సుమారు 390 మందిపై ఉంటే విచారణ 87 మందికే జరిగింది. 84 మందికి శిక్షలు పడ్డాయి. వాళ్లలో అత్యధికులు కింది స్థాయి మిలీషియా వాళ్లే. 1999లో ఇండోనేషియా సైన్యాధిపతిగా ఉన్న జనరల్ విరాంతోపై 2003లో అభియోగం నమోదైనా ఆయన ఏ కోర్టుకూ రాలేదు. ఇదే హింసపై ఇండోనేషియా జకార్తాలో పెట్టిన ప్రత్యేక కోర్టు 18 మందిని విచారించి ఆరుగురిని దోషులంది. అప్పీళ్లలో ఆ ఆరుగురూ బయటపడ్డారు.

2009లో, 1999 నాటి సువాయి పట్టణ చర్చి హత్యల నిందితుడు మాతెర్నుస్ బెరే తిరిగొచ్చి దొరికాడు. దిలీ ప్రభుత్వం అతన్ని విచారించకుండా ఆగస్టు 30న ఇండోనేషియాకు అప్పగించింది. ఆ ఓటింగుకు సరిగ్గా పదేళ్లు నిండిన రోజది.