జంట వలయం కనిపించేదాకా

లెడ్ జిర్కొనేట్ అనే సీసపు సిరామిక్‌తో పెల్లెట్ (చిన్న బిళ్ల) తయారుచేసి, దాని జంట హిస్టెరిసిస్ వలయాన్ని, అంటే విద్యుత్ క్షేత్రాన్ని పెంచి తగ్గించినప్పుడు పదార్థపు ధ్రువణం (ధన, రుణ ఆవేశాలు ఎడమైన మేర) గీసే రెండు వలయాల గీతను, తెరమీద చూడడమే నా ప్రాజెక్టు పని అన్నప్పుడు రెండు వారాల్లో ముగించవచ్చనుకున్నాను. ఏడు నెలలు పట్టింది.

ఫెర్రోఎలక్ట్రిక్ స్ఫటికంలోని ఒక్కో ప్రాంతంలో విద్యుత్ ద్విధ్రువాలన్నీ (ఎడంగా ఉన్న ధన, రుణ ఆవేశాల జంటలన్నీ) ఒకే వైపు తిరిగి ఉంటాయి. లెడ్ జిర్కొనేట్‌లో మాత్రం రెండు వరుసల సీసపు అయాన్లు ఒక వైపు జరిగితే తర్వాతి రెండు వరుసలు ఎదురు వైపు జరుగుతాయి కనుక మొత్తం ధ్రువణం సున్నా. భౌతిక శాస్త్రవేత్త చార్లెస్ కిట్టెల్ ఈ తరహా అమరికకు సిద్ధాంతం ప్రతిపాదించిందీ, జపాన్ పరిశోధకులు ఈ పదార్థంలో దాన్ని గుర్తించిందీ 1951లోనే. తగినంత బలమైన విద్యుత్ క్షేత్రంలో ఎదురు వరుసలు కూడా తిరిగి కలిసిపోతాయి, క్షేత్రం తగ్గగానే విడిపోతాయి. జంట వలయం ఏర్పడేది అందువల్లనే.

నా మొదటి పెల్లెట్ గుండ్రటి ఒంటి వలయం ఇచ్చింది. సంబరపడి గైడుగారికి చూపిస్తే, ఆయన ఫ్రీక్వెన్సీ పెంచమన్నారు. పెంచేకొద్దీ వలయం సన్నబడింది. అది ధ్రువణం కాదు, కరెంటు లీకేజీ. సింటరింగ్‌లో, అంటే పొడిబిళ్లను గట్టిపడేలా కాల్చేటప్పుడు, సీసపు ఆక్సైడ్ ఆవిరైపోయి పెల్లెట్ పాడైంది. తర్వాతివాటిని అదే పదార్థపు పొడిలో పూడ్చి, మూత బిగించిన క్రూసిబుల్‌లో కాల్చాను. సీసం విషం కాబట్టి మాస్కూ గ్లవ్సూ లేనిదే ఆ పొడిని ముట్టుకోలేదు.

లీకేజీ పోయింది గానీ వలయమూ పోయింది, సరళరేఖ మిగిలింది. వోల్టేజి పెంచితే పెల్లెట్లు ఒకదాని వెంట ఒకటి చిల్లులు పడ్డాయి. గది ఉష్ణోగ్రత వద్ద వరుసలను తిప్పడానికి కావలసిన క్షేత్రం సిరామిక్ తట్టుకోగలిగినదానికంటే ఎక్కువని, ఈ ఎదురెదురు అమరిక చెదిరిపోయే 230 డిగ్రీల సెల్సియస్ దగ్గరి పరివర్తన ఉష్ణోగ్రతను సమీపించేకొద్దీ అది తగ్గుతుందని పాత పత్రాల్లో చదివాక, పెల్లెట్‌ను సిలికాన్ ఆయిల్‌లో ముంచి మెల్లగా వేడిచేశాను. నూనె వాసనతో గది నిండిపోయిన ఆ సాయంత్రం రేఖ రెండు చివరలా విచ్చుకుంది, నడుమ మాత్రం సన్నగానే ఉంది.

గైడుగారు అప్పుడూ ఒప్పుకోలేదు. చాలాకాలం నిలవ ఉంచిన బేరియం టైటనేట్ అనే ఫెర్రోఎలక్ట్రిక్‌లో లోపాల వల్ల కూడా నడుము నొక్కుకున్న వలయం వస్తుందట. ఆ అభ్యంతరం న్యాయమైనదే. అందుకే రాత్రంతా ఎక్స్-రే స్కాన్ నడిపాను. నాలుగు వరుసలకు ఒకసారి పునరావృతమయ్యే అమరిక ఉంటేనే కనిపించే పావు సూచికల శిఖరాలు (మామూలు శిఖరాల నడుమ పావు వంతు స్థానాల్లో వచ్చేవి), నేపథ్యం మీద కాస్త పైకి, కనిపించాయి. 240 డిగ్రీల వద్ద మళ్లీ స్కాన్ చేస్తే లేవు.