కొయ్య సుత్తి నా చేతికిచ్చారు

నిన్న మధ్యాహ్నం చివరి ఖాళీ పీపాను లారీలోకి ఎక్కించాం. నడుము ఇంకా నిటారుగా నిలబడనివ్వడం లేదు. తెల్ల చొక్కా మీద పడిన నల్ల బీరు మరక రెండు ఉతుకులకూ లొంగలేదు. అసలు ఆ మరక సంగతి చెప్పడానికే ఇది మొదలుపెట్టాను కానీ, కొంత ముందు కథ లేకుండా అది అర్థం కాదు.

నేనుండేది ఇంగ్లండ్‌లో, హెర్‌ఫర్డ్‌షైర్‌లోని ఒక చిన్న ఊళ్లో. ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీయడం ఉద్యోగం, శనివారాలు ఊరి క్లబ్బుకు క్రికెట్ ఆడటం వ్యసనం. ఆ క్లబ్బు పైకప్పు మూడేళ్లుగా కారుతోంది. డబ్బు కోసం బీరు, సైడర్ ఉత్సవం పెడదామని కమిటీ తీర్మానించింది. జీతగాళ్లెవరూ ఉండరు, అన్నీ సభ్యులే చేసుకోవాలి. భారతీయుడిని కాబట్టి లెక్కలు బాగా వస్తాయని వాళ్ల నమ్మకం. అలా లైసెన్సు కాగితాలు, పీపాల పద్దు నాకు అంటగట్టారు. ఈ సంగతి ఫోనులో చెబితే మా అమ్మ కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఇంత చదువు చదివి చివరికి కల్లు దుకాణం పెట్టావా నాయనా?" అంది.

ఒక మాట ముందే చెప్పాలి. అమెరికాలో ఉన్న మనవాళ్లు సైడర్ అంటే పిల్లలు తాగే ఆపిల్ రసం అనుకుంటారు. ఇంగ్లండ్‌లో సైడర్ అంటే పులియబెట్టిన ఆపిల్ రసం, మత్తు ఉంటుంది. దానికి ఇక్కడ ఎక్కువగా వాడే ఆపిల్ కొరికితే నోరు వగరెక్కిపోతుంది, తినడానికి పనికిరాదు. బేరి పండ్లతో చేస్తే దాన్ని పెర్రీ అంటారు. మంచి పెర్రీ మే హిల్ కొండ కనిపించే మేరలోనే తయారవుతుందని ఇక్కడి ముసలివాళ్లు చెబుతారు. పక్క జిల్లాలవాళ్లు ఒప్పుకోరనుకోండి.

హాలు దొరకడం, గ్లాసులు అద్దెకు తేవడం, పాటల బృందాన్ని కుదర్చడం, ఇవన్నీ ఫోను మీదే అయిపోయాయి. సైడర్ మరీ సులువు. ఇరవై లీటర్ల అట్టపెట్టెల్లో వస్తుంది, బల్ల మీద పెట్టి కుళాయి తిప్పడమే. గ్లాసుల విషయంలో మాత్రం జాగ్రత్త. పైంటు (అర లీటరు పైచిలుకు), అరపైంటు గీతలు ప్రభుత్వ ముద్రతో ఉన్నవే తెప్పించండి. కంటి అంచనాతో పోస్తే చట్టం ఒప్పుకోదు.

ఇక అనుమతి. 2003 నాటి లైసెన్సింగ్ చట్టం ప్రకారం ఇలాంటి చిన్న ఉత్సవానికి 'టెంపరరీ ఈవెంట్ నోటీసు' అని ఒకటి ఇవ్వాలి. రుసుము 21 పౌండ్లు. పని చేసేవాళ్లతో కలిపి ఒకేసారి 499 మందికి మించి ఉండకూడదు. పది 'పూర్తి పనిదినాల' ముందు అందాలి. శుక్రవారం రాత్రి భోజనం చేసి, వేళ్లు మడిచి లెక్కపెట్టి, సరిగ్గా పది వచ్చాయని సంతోషించి పంపాను. వారం మధ్యలో కార్యాలయం నుంచి ఒకావిడ ఫోను చేసింది. ఆఫీసు వేళ దాటాక పంపారు కాబట్టి శుక్రవారం లెక్కలోకి రాదు. సోమవారం బ్యాంకు సెలవు, అంటే ఇక్కడ ప్రభుత్వ సెలవు దినం. మంగళవారం నోటీసు అందిన రోజు, అదీ లెక్కలోకి రాదు. ఉత్సవం రోజు సరేసరి. నా పది రోజులు ఆవిడ చేతిలో ఏడయ్యాయి. ఆలస్యపు నోటీసుగా తీసుకుంటామంది. అంటే పోలీసులుగానీ పర్యావరణ ఆరోగ్య శాఖగానీ ఒక్క అభ్యంతరం చెబితే విచారణ లేదు, అప్పీలు లేదు, ఉత్సవమే లేదు. ఆ గడువు ముగిసేదాకా, మూడు పనిదినాలు, అన్నం సహించలేదు. ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. కానీ ఆవిడ "మీరు సూచనలు చదివారా?" అని అడిగిన తీరు నాకు ఇంకా గుర్తుంది. చదివానమ్మా, రెండుసార్లు చదివాను. "పూర్తి పనిదినాలు" అంటే ఏమిటో ఒక చిన్న ఉదాహరణ వేస్తే మీ సొమ్మేం పోయింది?

సరే, పీపాలు.

ఇక్కడ 'రియల్ ఏల్' అనే బీరు ఉంది. కర్మాగారంలో వడగట్టి గ్యాస్ ఎక్కించినది కాదు. పీపాలో పోశాక కూడా ఈస్టు బతికే ఉంటుంది, బీరు లోపల పులుస్తూనే ఉంటుంది. ఇది అంతరించిపోతోందని 1971లో క్యామ్రా అనే సంస్థ పెట్టి ఉద్యమమే నడిపారు. మనం అరటి పిలకలకో నాటు కోళ్లకో పడని ఆరాటం వీళ్లు బీరుకు పడ్డారు. మా ఉత్సవానికి ఇరవై పీపాలు వచ్చాయి. ఒక్కొక్కటి తొమ్మిది గ్యాలన్లు, లెక్కకు 72 పైంట్లు, నిండుగా ఉంటే యాభై కిలోల పైమాటే. అడుగున మడ్డి ఉంటుంది కాబట్టి 72 పైంట్లూ చేతికి రావు. బుధవారం వాటిని ఇనుప స్టాండ్ల మీద పడుకోబెట్టి, కదలకుండా రెండు వైపులా చెక్క ముక్కలు దోపి, చల్లటి నీళ్లు తిరిగే తొడుగులు కప్పాం. పన్నెండు డిగ్రీల దగ్గర ఉంచాలి. ఆ తర్వాత ముట్టుకోకూడదు. మడ్డి దిగాలి, బీరు తేటపడాలి.

గురువారం సాయంత్రం కుళాయిలు బిగించే పని. పీపాల పెద్ద ఒక రిటైర్డ్ పోస్ట్‌మాన్. ముప్పై ఏళ్లుగా చుట్టుపక్కల ఉత్సవాలన్నిటికీ ఆయనే. ముందు పీపా పైనున్న బిరడాలో చిన్న పుల్ల దిగ్గొట్టాడు. సన్నగా బుస్సుమని గాలి, వెనకే నురగ పొంగుకొచ్చింది. నాకు ఒక్కసారిగా మా తాతగారి ఊరు గుర్తొచ్చింది. తాటిచెట్టు దిగిన లొట్టిలో నురగ ఇలాగే బుసబుసలాడేది. ఆ మాట పైకి అన్నాను. అదే నా కొంప ముంచింది. "అయితే నీకు ఈ పని రక్తంలోనే ఉందన్నమాట" అని పెద్దాయన కొయ్య సుత్తి నా చేతికిచ్చాడు. చుట్టూ పన్నెండు మంది. మా జట్టు కెప్టెన్ ఫోను తీసి వీడియో మొదలుపెట్టాడు.

చేయాల్సింది ఇంతే. పీపా ముందువైపు కింద ఒక చెక్క బిరడా ఉంటుంది. దాని మధ్య పలుచటి చోట కుళాయి మొన ఆనించి ఒక్క దెబ్బ వేయాలి. బిరడా లోపలికి చీలిపోయి కుళాయి ఆ బొక్కలో బిగుసుకుంటుంది. ఒక్క దెబ్బ అని ఆయన మూడుసార్లు చెప్పాడు. నేను ఆసుపత్రిలో ఎక్స్‌రే కోసం ముసలమ్మల మోకాళ్లు సర్దే మెత్తటి చేతితో కొట్టాను. బిరడా సగం విరిగింది, కుళాయి సగం దిగింది. పక్కనుంచి సన్నటి ధార నా గడ్డం కింద తగిలింది. కంగారుతో రెండో దెబ్బ బలంగా వేశాను. ఈసారి కుళాయి పూర్తిగా దిగింది. ధార ఆగలేదు, పెద్దదైంది.

కుళాయి తెరిచి ఉంది.

కొట్టబోయే ముందు కుళాయి మూసి ఉందో లేదో చూడాలని చెప్పడం ఆయన మరిచాడా, నేనే వినలేదా, ఆ వివాదం తేలలేదు. నల్లటి స్టౌటు బీరు నా ఛాతీకి తగిలి ముఖం మీదికి చిమ్మింది. కళ్లు మండుతుంటే పిడి ఎటు తిప్పితే మూతపడుతుందో తెలియక అటూ ఇటూ తిప్పాను. చివరికి టీ కప్పులు కడుగుతున్న ఒక పెద్దావిడ తడిచేతుల్తోనే వచ్చి, నన్ను మోచేత్తో పక్కకు తోసి, ఒక్క మలుపుతో ఆపేసింది. ఆవిడ వయసు ఎనభైకి దగ్గర. నాతో ఒక్క మాట అనలేదు. తిరిగి వెళ్లి కప్పులు కడుక్కుంది.

నేల మీద పోయింది ఆరేడు పైంట్లే. అసలు దెబ్బ అది కాదు. నా రెండో దెబ్బకు పీపా చెక్క ముక్కల మీంచి అంగుళం జరిగింది. లోపల మడ్డి మొత్తం లేచింది. గ్లాసులో పట్టి దీపానికి ఎత్తి చూస్తే స్టౌటు కదా, నలుపులో తేడా ఏమీ తెలియలేదు. అమ్మేయవచ్చని అన్నాను. పెద్దాయన ఒక గుక్క తాగి, నా చేతిలో పెట్టాడు. ఈస్టు గరగర నాలుకకు తగిలింది. శుక్రవారం ఉత్సవం తెరిచేసరికి ఆ పీపాకు ఒక అట్ట వేలాడుతోంది, 'ఇంకా సిద్ధం కాలేదు' అని. ఎందుకు కాలేదని అడిగినవాళ్లందరికీ మా కెప్టెన్ వీడియో చూపించాడు.

కాబట్టి ఎవరైనా ఈ పని తలపెడితే చెబుతున్నాను. కుళాయి మూసి ఉందో లేదో మీరే చూడండి, పక్కవాడిని నమ్మకండి. తెల్ల చొక్కా వద్దు. వీడియో తీసేవాణ్ణి ముందు బయటికి పంపండి.

నా పరువు కాస్త నిలిచింది శనివారం రాత్రి. సగం ఖాళీ అయిన ఒక పీపాలోని బీరు వాసన చూడగానే తేడా తట్టింది. పొద్దుటి కల్లు సాయంత్రానికి తిరిగే పులుపు అది. గాలి సోకింది, వెనిగర్ దారి పట్టింది. "బాగానే ఉందే" అన్నారు ముగ్గురు. గంట తర్వాత పెద్దాయనే వచ్చి ఆ కుళాయి మూయించాడు. నాకన్నా గంట ఆలస్యంగా కనిపెట్టాడని ఇక్కడ రాసి పెడుతున్నాను.

శాకాహారులు వస్తే ఒక సంగతి ముందే చెప్పండి. బీరు తేటపడటానికి చాలామంది తయారీదారులు చేపల గాలితిత్తి నుంచి తీసిన పదార్థం కలుపుతారు. లెస్టర్ నుంచి వచ్చిన ఒక గుజరాతీ దంపతులకు ఆ మాట చెబితే గ్లాసులు బల్ల మీద పెట్టేసి పెర్రీ వైపు వెళ్లిపోయారు. చెప్పనివాడి మీద తర్వాత వచ్చే కోపం కన్నా ఇదే నయం.

సేవ అంటే అందరికీ ఇష్టమే, శుక్రవారం సాయంత్రం కౌంటర్ దగ్గర నిలబడే సేవ అయితే. ఆదివారం పొద్దున శుభ్రం చేయడానికి పదకొండు మంది పేర్లిచ్చారు. వచ్చింది నలుగురం. అందులో ఒకరు ఆ కప్పులు కడిగే పెద్దావిడ.

నా స్టౌటు శనివారం మధ్యాహ్నానికి తేటపడింది. వీడియో పుణ్యమా అని అందరూ దాన్నే అడిగారు, చీకటి పడకముందే అయిపోయింది. పైకప్పు ఖర్చులో సగం దాకా వచ్చింది. మిగతా సగం కోసం వచ్చే ఏడాది మళ్లీ పెడతారట. నోటీసు పంపే పని నాదేనని ఇప్పుడే రాసేసుకున్నారు. సుత్తి పెట్టిన పెట్టె తాళం మాత్రం ఆ పెద్దావిడ దగ్గరే ఉంటుందట.